లేని పదో మెట్టు

నేను రిటైర్ కావడానికి ఐదేళ్ళ ముందు, ఆగస్టు నెల రెండో సోమవారం, మా సబ్‌డివిజన్‌కు ఒక సర్వే పని వచ్చింది. మెహదీపట్నంలో బస్సెక్కితే గంటన్నర దూరంలో ఒక ఊరు. అక్కడ ఐదుగురు రైతుల చేల మధ్య పెద్ద పల్లం ఉంది. వానాకాలం వచ్చిందంటే అందులో నీళ్ళు నిలిచి పంట కుళ్ళిపోతుంది. ఆ నీటిని కాల్వ తీసి బయటకు పంపడానికి వీలవుతుందా, కాదా అన్నది లెవెళ్ళు తీసి చెప్పాలి. అసిస్టెంట్ ఇంజనీరు ప్రసాద్ గారికి పని అప్పగించారు. ఆయన వెంట చైన్‌మన్‌గా నన్ను వేశారు.

చైన్‌మన్ అన్నది హోదా పేరు. ఆఫీసు వరసలో కింది నుంచి రెండోది. ఆ కొలువులో ఆడమనిషి ఉన్నా రిజిస్టర్‌లో ఆ పేరే రాస్తారు. వెనకటి రోజుల్లో భూమిని ఇనుప గొలుసుతో కొలిచేవాళ్ళు. ఆ గొలుసు పట్టేవాడు చైన్‌మన్. నేను చేరేనాటికే గొలుసు పోయి టేపు వచ్చింది. నా చేతిలో ఎక్కువగా ఉండేది స్టాఫ్. అది నాలుగు మీటర్ల పొడవు కొలబద్ద. మూడు ముక్కలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. పైముక్కను లాగితే చివర ఒక స్ప్రింగు బొత్తాం టక్ మని బయటకు వస్తుంది. అప్పుడు ఆ ముక్క పూర్తిగా చాచినట్టు.

లెవెల్ అనేది మూడు కాళ్ళ మీద నిలబెట్టే దుర్భిణి లాంటి పరికరం. ఇంజనీరు అందులోంచి చూస్తాడు. నేను కొలవాల్సిన చోట స్టాఫ్‌ను నిటారుగా పట్టుకుని నిలబడతాను. దుర్భిణిలో అడ్డగీత ఏ అంకె మీద పడితే ఆ అంకెను లెవెల్ బుక్‌లో రాసుకుంటాడు. అంకె ఎంత పెద్దదైతే నేల అంత పల్లం. చూడడానికి ఇంతే. కానీ స్టాఫ్ కొంచెం వాలినా, బురదలో కొంచెం దిగినా లెక్క తప్పుతుంది. రేగడి నేలలో దిగబడకుండా కింద ఇనుప బిళ్ళ వేసి దాని మీద నిలబెట్టాలి. గాలికి ఊగకుండా మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. ఈ పనిలో నాకు మంచి పేరు ఉండేది. అంజమ్మ పట్టుకుంటే స్టాఫ్ పాతిన స్తంభంలా ఉంటుందని ఇంజనీర్లు అనేవారు.

అప్పటికి నాకు అంకెలు వచ్చు. స్టాఫ్ మీద ఎరుపు, నలుపు అంకెలు చూసీ చూసీ వచ్చాయి. అక్షరాలు మాత్రం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. నేర్పేది మా డ్రాఫ్ట్స్‌మన్ ఖాజా భాయ్. మధ్యాహ్నం డబ్బాలు తిన్నాక ఆయన తన బల్ల మీద పరిచిన పటాల్లో ఊళ్ళ పేర్లు నా చేత చదివించేవారు. బోరబండ నుంచి వచ్చే బస్సులో అమీర్‌పేట దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులు కూడబలుక్కుంటూ వచ్చేదాన్ని. పొద్దున చదివిన బోర్డు ఏదో ఆయనకు చెప్పాలి. ఒకరోజు నేను వరసగా నాలుగు కంప్యూటర్ కోర్సుల పేర్లు చెబితే, "ఇంక నీకు మా నౌకరీ ఎందుకు అంజమ్మా, పోయి సాఫ్ట్‌వేర్ల చేరు," అన్నారు.

మా ఆఫీసు అమీర్‌పేటకూ పంజగుట్టకూ మధ్య ఒక సందులో, అద్దె మేడలో ఉండేది. కింద సగం నేలలోకి దిగిన సెల్లార్. అందులో పాత రికార్డులు, సర్వే పరికరాలు పెట్టేవాళ్ళు. రైతుల చేలల్లో నిలిచిన నీటిని బయటకు పంపడం మా పని. గట్టి వాన పడిందంటే మా సెల్లార్‌లోనే పిక్క లోతు నీళ్ళు నిలిచేవి. పై ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి "మీ చెరువు నిండిందా?" అని అడిగేవాళ్ళు. మేం కూడా సిగ్గుపడడం మానేసి చాలా కాలమైంది.

ఇక ఊరి సంగతి. మంగళవారం పొద్దున ఆఫీసు జీపులో వెళ్ళాం. ఐదుగురు రైతుల్లో అందరికంటే పల్లంలో ఉన్నది నర్సవ్వ చేను. మూడున్నర ఎకరాలు. అందులో పైభాగం ఎకరం ఎత్తు మీద ఉంది, అక్కడ మొక్కజొన్న ఏపుగా ఉంది. మిగిలిందంతా పళ్ళెంలా లోపలికి వాలిపోయింది. మేం వెళ్ళేసరికి నడిమధ్యలో మోకాలి లోతు నీళ్ళు. చుట్టూ మొక్కజొన్న కర్రలు పసుపుబారి, వేళ్ళు కుళ్ళిన వాసన. అక్కడి వాళ్ళు అటువంటి నేలను జాలు పట్టిందంటారు. వాన ఆగినా నేల లోపలి నుంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి.

నర్సవ్వ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. వచ్చీ రాగానే నా చేతిలో స్టాఫ్ చూసి, "ఏంది చెల్లె, చేపలు పడుతానికి వచ్చినవా?" అంది. నేను, "చేపలుంటె చెప్పక్క, కూర వండుకుని పోతం," అన్నాను. అప్పటి నుంచి ఆమె నన్ను వదల్లేదు. నేను ఎక్కడ స్టాఫ్ నిలబెడితే అక్కడ గట్టు మీద కూర్చుని తన చేను కథ చెప్పింది. మూడేళ్ళుగా కింది చేనులో చేతికి కంకి రాలేదట. విత్తనం వేస్తుంది, మొలుస్తుంది, నడుము ఎత్తు వస్తుంది, అప్పుడు వాన వస్తుంది. "మొలువకుంటెనన్న ఊకుందును," అంది.

మొదటి రోజు ఊరి రోడ్డు దగ్గర పని. రోడ్డు కింద పాత తూము ఒకటి ఉంది. పల్లం నీళ్ళు ఎటైనా పోవాలంటే ఆ తూములోంచి పోయి అవతలి వాగులో కలవాలి. పల్లం అడుగు కంటే తూము అడుగు తగినంత కిందికి ఉంటే కాల్వ పారుతుంది. లేకపోతే లేదు. ఆ రోజు బడి అరుగు మీద ఉన్న బెంచ్ మార్క్ నుంచి మొదలుపెట్టాం. ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తును బెంచ్ మార్క్ అంటారు. అక్కడి నుంచి తూము అడుగు దాకా లెవెళ్ళు తీసుకున్నాం.

రెండో రోజు పల్లంలో దిగాలి. ముందురోజు స్టాఫ్ అతుకుల్లోకి రోడ్డు పక్క మట్టి కొంచెం పోయింది. రేగడి బురద పోతే ముక్కలు కదలవని, ఆ పొద్దున నేను ఇంటి నుంచి రెండు పాల కవర్లు తీసుకెళ్ళాను. బాగా కడిగి, ఆరబెట్టి, స్టాఫ్ మొదటి అతుకు చుట్టూ జానెడు మేర చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. ప్రసాద్ గారు చూసి మెచ్చుకున్నారు కూడా. "స్టోర్ వాళ్ళకి లేని శ్రద్ధ మీకుంది అంజమ్మగారూ," అన్నారు. ఆ మాట ఆ రోజంతా నాకు గుర్తుంది. తర్వాత ఇంకా బాగా గుర్తుండిపోయింది.

గట్ల మీద, ఎత్తు నేల మీద స్టాఫ్ చాచే అవసరం రాదు, కింది ముక్క సరిపోతుంది. పల్లం నడుమ మాత్రం పైముక్క లాగాలి. నీళ్ళలో నిలబడి లాగాను. బిగుతుగా వచ్చి ఆగింది. ఆగిన చోటే పూర్తిగా చాచినట్టు అనుకున్నాను. గుంతలో పదిహేడు చోట్ల నిలబెట్టాను. ప్రసాద్ గారు పదిహేడూ రాసుకున్నారు. సాయంత్రం గట్ల మీదుగా వెనక్కి తీసుకుంటూ వచ్చి మళ్ళీ బడి అరుగు మీది బెంచ్ మార్క్ దగ్గర ముగించాం. మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చి లెక్క చూసుకుంటే తేడా రాకూడదు. అలా వస్తే బుక్ క్లోజ్ అయిందంటాం. మాకు మూడు మిల్లీమీటర్లే తేడా వచ్చింది. ప్రసాద్ గారు సంతోషించి ఊరి హోటల్లో టీ, మిర్చి బజ్జీ ఇప్పించారు.

ఆఫీసుకు వచ్చి లెక్కలు వేస్తే నిరాశ ఎదురైంది. పల్లం నుంచి తూము దాకా నాలుగు వందల మీటర్లు. అంత దూరానికి దొరికిన వాలు ఐదు సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ళ మందం. మట్టి కాల్వలో ఆ వాలుకు నీళ్ళు కదలవు, గడ్డి మొలిస్తే అక్కడే ఆగిపోతాయి. మా పై అధికారి డీఈ గారు లెక్క చూశారు, బుక్ క్లోజ్ అయిందా అని అడిగారు, అయిందన్నాక ఫైలు మీద రాశారు. కాల్వకు వీలు లేదు, పల్లాన్ని నీటి గుంటగా వదిలేసి గట్టు కట్టాలి, రైతులు ఆ భాగంలో సాగు మానుకోవాలి అని. ఖాజా భాయ్ పటం గీశారు. ఊళ్ళో అంటించడానికి తెలుగులో ఇంకో ప్రతి తయారైంది. ఇదంతా అయ్యేసరికి మరో మంగళవారం వచ్చింది. పై సోమవారం ఆ ప్రతి ఊరికి వెళ్ళాలి.

ఆ మర్నాడు, బుధవారం, నర్సవ్వ ఆఫీసుకు వచ్చింది. మాసబ్ ట్యాంక్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. పంజగుట్టలో దిగమంటే జనంతో పాటు అమీర్‌పేటలో దిగి, సంచులేసుకున్న పిల్లల మధ్య నడిచి వెనక్కి వచ్చిందట. "అంతమంది ఒక్కతాననె సదువుతున్నరు చెల్లె. మరి మా చేనుకు ఒక్క కాల్వ తీసుడు ఎవలికి తెల్వదా?" అని అడిగింది. చేతిసంచిలోంచి కాల్చిన మొక్కజొన్న కంకులు తీసి అందరి బల్లల మీదా పెట్టింది. ఖాజా భాయ్ కంకి కొరికి మస్తుగుందన్నారు.

"ఇది ఎత్తు మీది చేను కంకి భాయ్," అంది నర్సవ్వ. "కింది చేను కంకి తినాలంటె మీరు కాల్వ తీయాలె."

ఖాజా భాయ్ నమలడం ఆపేశారు. పటం ఆయన బల్ల మీదే ఉంది. ఆమె చేను ఉన్నచోట నీలం రంగు వేసి, లోపల పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాసి ఉన్నాయి. నర్సవ్వ వేలు పెట్టి, ఏం రాసిండ్రు చదువు చెల్లె అని నన్నే అడిగింది. కూడబలుక్కుని చదివాను. శాశ్వత ముంపు.

"శాశ్వతమంటె ఎన్నేండ్లు?" అని అడిగింది. "నేను పోయేదాంకనా, నా బిడ్డ సుత పోయేదాంకనా?"

ఖాజా భాయ్ ప్రసాద్ గారిని పిలవడానికి లేచారు. కాసేపటికి ప్రసాద్ గారు వచ్చి వాలు గురించి ఓపికగా వివరించారు. ఆమె అంతా విన్నది. "మీరు కొలిసిండ్రు, నేను కొలవలే," అని లేచింది. మిగిలిన రెండు కంకులు కూడా బల్ల మీదే పెట్టి వెళ్ళింది. నాకు ఆ రోజు సాయంత్రం అమీర్‌పేట బోర్డులు చదవబుద్ధి కాలేదు.

గురువారం మధ్యాహ్నం గట్టి వాన పడింది. అమీర్‌పేట చౌరస్తాలో బస్సులు ఆగిపోయాయి. మా సందు కాల్వైంది. సెల్లార్ ఎప్పటిలాగే నిండింది. రికార్డుల కట్టలు పైకి మోశాం. శుక్రవారం పొద్దున మోటారు పెట్టి నీళ్ళు తోడాక డీఈ గారికి కోపం వచ్చింది. ఒక పైపు వేసి సెల్లార్ నీళ్ళను వీధి డ్రైనేజీలోకి వదలమని మేడ ఓనర్‌కు ఫోన్ చేశారు. సెల్లార్ మరీ లోతు, నీళ్ళు ఎదురెక్కవు అని ఓనర్ అన్నాడట. దాంతో డీఈ గారికి పట్టుదల వచ్చింది. లెవెళ్ళు తీసేవాళ్ళం మనం, ఆయన మనకు చెప్పడమేంటి, ఇవాళే సర్వే చేసి కాగితం ఆయన చేతిలో పెట్టండి అన్నారు.

అలా మా ఆఫీసు చరిత్రలో మొదటిసారి మా ఆఫీసుకే సర్వే జరిగింది. ప్రసాద్ గారు వీధిలో లెవెల్ నిలబెట్టారు. పక్క ఇళ్ళ వాళ్ళు మెట్రో ఇటు తిప్పుతున్నారా అని అడిగారు. నేను సెల్లార్ వాకిట్లో, పైకప్పు లేని చోట, మెట్ల కిందుగా స్టాఫ్ పట్టుకుని నిలబడ్డాను. పల్లం కనుక పైముక్క లాగాల్సి వచ్చింది. బిగుతుగా వచ్చి ఆగింది. రీడింగ్ తీశారు. వీధి నుంచి సెల్లార్ నేల లోతు ఒక మీటరు యాభై అని తేలింది. డ్రైనేజీ దానికంటే పైన ఉంది. ఓనర్ మాటే నిజమైందని ప్రసాద్ గారు నిట్టూర్చి, ఆ సంగతి చెప్పడానికి డీఈ గారి గదికి వెళ్ళారు.

పటం గీయడానికి కూర్చున్న ఖాజా భాయ్ పది నిమిషాల్లో నన్ను పిలిచారు.

"ఏంది అంజమ్మా గీ కథ? మెట్లు తొమ్మిది. ఒక్కొక్కటి ఆరంగుళాలు. తొమ్మిదీ గీసిన. ఆఖరి మెట్టు గాలిలో వేలాడుతుంది. కింద ఇంకొక మెట్టంత జాగ మిగిలింది. పదో మెట్టు ఏడ దాచినవ్? ఇంటికి తీస్కపోయినవా?"

నేను నవ్వి, మెట్లు సరిగ్గా లెక్కపెట్టలేదేమో అన్నాను. ఇద్దరం టేపు పట్టుకుని కిందికి వెళ్ళాం. తొమ్మిదే. ప్రతి మెట్టూ ఆరంగుళాలే, అంటే పదిహేను సెంటీమీటర్లు. మొత్తం ఒక మీటరు ముప్పై ఐదు. స్టాఫ్ చెప్పింది యాభై. ఆ మెట్లు ఆయనా నేనూ ఇరవై ఏళ్ళుగా ఎక్కి దిగుతున్నవి. అవి పెరగవు, తగ్గవు.

"అయితే నీ కట్టెకే బుఖార్ వచ్చింది," అన్నారు ఖాజా భాయ్.

స్టాఫ్ తీసి చూశాను. పాల కవర్లు అలాగే ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు తెంపి కవర్లు ఊడదీశాను. లోపల కవరు ముడతలు పడి అతుకులోకి దూరి ఉంది. పైముక్క దాని మీద బిగుసుకుని మధ్యలోనే ఆగింది. అంకెల వరసలో పదిహేను సెంటీమీటర్లు లోపలే ఉండిపోయాయి. కవరు కప్పేసినందువల్ల దుర్భిణిలో ఆ ఖాళీ కనబడలేదు. పైముక్కను మళ్ళీ లాగాను. టక్ మంది.

ఆ శబ్దం వినగానే, దాన్ని విని చాలా రోజులైందని గుర్తొచ్చింది. ఊళ్ళో రెండో రోజు పొద్దుటి నుంచీ వినలేదు.

ఖాజా భాయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. సెల్లార్ కథే కదా, మళ్ళీ తీస్తే అయిపోతుంది, ఫికర్ చెయ్యకు అన్నారు. ఆయనకు ఊరి సంగతి తట్టలేదు. కవరు ఎప్పుడు కట్టానో నాకూ ప్రసాద్ గారికీ తప్ప ఎవరికీ తెలియదు. ప్రసాద్ గారు మరిచిపోయి ఉంటారు. నేను పలకకుండా ఉంటే సోమవారం పటం ఊరికి వెళ్ళిపోతుంది. బుక్ క్లోజ్ అయింది కనుక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. చెబితే మెమో రావచ్చు. చదువు రాని మనిషిని ఫీల్డుకు పంపితే ఇలాగే అవుతుందని, టీలు అందించే పనికి మార్చవచ్చు. మెట్లు ఎక్కుతూ ఇవన్నీ అనుకున్నాను. ఆ తొమ్మిది మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది. పైకి వచ్చేసరికి నా కళ్ళ ముందు మిగిలింది ఒక్కటే, బల్ల మీద పెట్టిపోయిన ఆ రెండు కంకులు.

ప్రసాద్ గారు డీఈ గారి గదిలోంచి బయటకు వస్తున్నారు. స్టాఫ్, కవర్లు రెండూ ఆయన ముందు పెట్టాను.

"సార్, ఈ కవర్ ఊళ్ళె కట్టిన. రెండో దినం పొద్దుగాల. గుంతల తీసినయన్ని ఇట్లనే తీసినం. పూరా సాగలే. టక్ మనలే. నేను ఇనలే."

ప్రసాద్ గారు కోస్తా వైపు మనిషి, కోపం వచ్చినా గొంతు పెరగదు. లెవెల్ బుక్ తెప్పించుకుని ఆ పేజీ తీశారు. పదిహేడు రీడింగుల మీద వేలు కదిలించుకుంటూ వెళ్ళారు. అన్నీ పైముక్క మీదివే. బెంచ్ మార్క్‌కు తిరిగి వచ్చిన దారిలో ఒక్కటి కూడా పైముక్క మీద లేదు. అందుకే బుక్ క్లోజ్ అయింది, గుంతలో తప్పు గుంతలోనే ఉండిపోయింది.

"అంటే పల్లం మనం రాసిన దానికంటే పదిహేను సెంటీమీటర్లు పైన ఉంది," అన్నారు నెమ్మదిగా. "ఐదు కాదు. వాలు ఇరవై."

ఖాజా భాయ్ బుక్కులోనే పదిహేను తగ్గించి పటం మార్చేద్దామన్నారు. ఒక్క పూట పని. ప్రసాద్ గారు ఒప్పుకోలేదు. "కంటితో చూడని అంకె బుక్కులో రాయకూడదండీ ఖాజా గారూ. ఆ రోజు పదిహేడు చోట్లా సరిగ్గా అంతే ఆగిందని ఎవరు చెప్పగలరు? మళ్ళీ వెళ్ళి చూడాల్సిందే." మా పనిలో అది గట్టి నియమం. లెవెల్ బుక్‌లో చెరపడం ఉండదు. తప్పు అంకె మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తారీఖు వేసి పొట్టి సంతకం చేయాలి. కింద ఉన్న తప్పు అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి.

డీఈ గారి గదిలోకి ఇద్దరం వెళ్ళాం. ప్రసాద్ గారు, రీడింగ్ నాది, సంతకం నాది, కాబట్టి తప్పు నాది అన్నారు. నేను, కవర్ నాది సార్ అన్నాను. డీఈ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీరిద్దరూ తప్పు కోసం కొట్లాడుకుంటారేంటయ్యా. ఈ ఆఫీసులో ఇది కొత్త," అన్నారు. మళ్ళీ వెళ్ళడానికి ఒప్పుకున్నారు కానీ జీపు వేరే పని మీద ఉంది, సోమవారం దాకా రాదు. బస్సులో వెళతామని ప్రసాద్ గారు అన్నారు. మెమో మాట ఎవరూ ఎత్తలేదు. కవర్లను మాత్రం డీఈ గారు తన బల్ల సొరుగులో వేసుకున్నారు.

శనివారం మెహదీపట్నంలో బస్సెక్కాం. లెవెల్ పెట్టె ప్రసాద్ గారి ఒళ్ళో, స్టాఫ్ నా భుజాన. కండక్టర్ స్టాఫ్ చూసి, దీనికి సుత టికెట్ కొట్టాల్నా అమ్మా అని అడిగాడు. ముడుచుకుంటే చిన్నదే అన్నాను. అదే దాని జబ్బు అన్నారు ప్రసాద్ గారు. ఆయన నవ్వడం చూసి నాకు ధైర్యం వచ్చింది.

నర్సవ్వ చేనులోనే ఉంది. మళ్ళీ ఎందుకు వచ్చామో దాచకుండా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. నడుము మీద చేతులు పెట్టుకుని స్టాఫ్‌ను పైనుంచి కింద దాకా చూసింది.

"పోయినసారి నా చేన్ను పాతాళంల పెట్టి పోయిండ్రు. ఇయ్యాల ఎంత మీదికి లేపుతరు?"

"ఒక్క మెట్టు అక్క," అన్నాను.

"ఒక్క మెట్టుకేనా శాశ్వతమని రాసిండ్రు," అంది.

గుంతలో పదిహేడు చోట్లా మళ్ళీ నిలబెట్టాం. ఈసారి ప్రతిచోటా పైముక్క లాగి, టక్ మన్నాకే, "అయింది సార్" అని నేను అరవాలి, అప్పుడే ఆయన దుర్భిణిలో చూడాలి అని పెట్టుకున్నాం. రెండు మూడు చోట్ల అయ్యాక నాకంటే ముందు నర్సవ్వ గట్టు మీది నుంచి "టక్ మంది సారూ, సూడుండ్రి" అని అరవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి బడి అరుగు మీదే కూర్చుని ప్రసాద్ గారు లెక్క కట్టారు. నాలుగు వందల మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల వాలు. ఎక్కువేం కాదు, కానీ ఏటా గడ్డి తీసి శుభ్రంగా ఉంచుకుంటే కాల్వ పారుతుంది. ఆ మాట ఆయన నర్సవ్వకు రెండుసార్లు చెప్పారు. గడ్డి సంగతి నాకు చెప్పాల్నా సారు అని ఆమె అంది.

తర్వాత ఆమె ఒక మాట అడిగింది. అది మా ఇంజనీర్లకు తట్టలేదు. నీళ్ళన్నీ బయటకు పంపకుండా నట్టనడుమ కొంచెం గుంత ఉంచమంది. ఎండాకాలం దాకా బర్రెలకు నీళ్ళు ఉంటాయి, కొంగలు వచ్చి పురుగు తింటాయి, ఆ పావు ఎకరంలో ఎట్లాగూ ఏమీ పండదు అని. ప్రసాద్ గారు కాల్వ మొదలును నాలుగు వేళ్ళు ఎత్తి, ఆ గుంత మిగిలేలా పటం మార్పించారు. ఖాజా భాయ్ నీలం రంగును చెరిపి, నడుమ చిన్న చుక్కంత మిగిల్చారు. దాని మీద ఏం రాయమంటావని నన్ను అడిగారు. బర్ల గుంట అని రాయమన్నాను. ఆ అక్షరాలు నా చేతే రాయించి, వాటి మీద ఆయన సిరా దిద్దారు.

కాల్వ ఆ ఎండాకాలం తవ్వారు. మరుసటి ఏడాది వానలు బాగానే కురిశాయి. నేను వెళ్ళి చూడలేదు, నాకు వేరే ఊరి సర్వే పడింది. సెప్టెంబర్‌లో ఒక పొద్దున నర్సవ్వ పంజగుట్టలోనే సరిగ్గా దిగి, సంచి మోసుకుంటూ వచ్చింది. వాన ఆగిన రెండో రోజుకు నీళ్ళు వెళ్ళిపోయాయని చెప్పింది. బల్లబల్లకూ తిరిగి కంకులు పెట్టింది. ఖాజా భాయ్ ఇది ఏ చేనుది అని అడిగారు. ఆమె జవాబు చెప్పకుండా ఆయన కొరికేదాకా చూస్తూ నిలబడింది.

సెల్లార్ లెక్క కూడా తేలింది. లోతు ఒకటి ముప్పై ఐదు అయ్యేసరికి డ్రైనేజీ దానికంటే కొంచెం కిందికే ఉందని తెలిసింది. ఓనర్ పైపు వేయక తప్పలేదు. పై ఆఫీసు వాళ్ళకు ఫోన్ చేయడానికి కారణం లేకుండా పోయింది.

ఈ సంఘటన వల్ల నేను తెలుసుకున్నది చెబుతాను. బుక్ క్లోజ్ అయిందంటే కూడికలు సరిపోయాయని మాత్రమే అర్థం. కొలబద్ద సరిగ్గా ఉందో లేదో బుక్ చెప్పదు. దాన్ని బుక్కుతో సంబంధం లేని ఇంకో వస్తువుతో సరిచూడాలి. అప్పటి నుంచి మా ఆఫీసులో ఏ సర్వేకు వెళ్ళే ముందైనా వీధిలో లెవెల్ పెట్టి, పైముక్క చాచిన స్టాఫ్‌ను సెల్లార్ మెట్ల కింద నిలబెట్టి వీధికీ సెల్లార్‌కూ తేడా చూసుకునేవాళ్ళం. మెట్లు తొమ్మిది, కొలత ఒకటి ముప్పై ఐదు రావాలి. ఇంకోటి, పనిముట్టును జాగ్రత్త కోసం దేనితోనైనా చుడితే, వాడే ముందు విప్పి చూడాలి. మెప్పు వచ్చిన జాగ్రత్త అయితే మరీ ముఖ్యంగా చూడాలి.

డీఈ గారి సొరుగులోని కవర్లు ఏమయ్యాయో తెలియదు. స్టాఫ్‌కు మాత్రం నేను ఒక అట్టముక్క కట్టాను, అతుకుకు దూరంగా, కింది చివర. దాని మీద "టక్ మనాలి" అని నా చేత్తో రాశాను. ఆఫీసు వస్తువు మీద నేను రాసిన మొదటి మాట అదే. ప్రసాద్ గారు చదివి, పెన్ను తీసి, దాని కింద తారీఖు వేసి పొట్టి సంతకం చేశారు.